కాఫీ మానకుండా ఆరోగ్యం కాపాడుకోవడం ఎలా? మీ గ్లాసును మీరే కొలుచుకునే పద్ధతి

పాలకొల్లులో మందుల దుకాణం నడుపుతున్న నన్ను రోజుకు ఒక్కరైనా అడిగే ప్రశ్న ఒకటి ఉంది: "కాఫీ తాగవచ్చాండీ, మానేయమంటారా?" బీపీ మాత్రల కోసం వచ్చినవారు అడుగుతారు, నిద్ర పట్టడం లేదని వచ్చినవారు అడుగుతారు, ఐరన్ మాత్రలు కొనే గర్భిణులు అడుగుతారు. కౌంటరు దగ్గర రెండు మాటల్లో చెప్పి పంపితే సగమే చెప్పినట్టవుతుంది కనుక, ఆ చెప్పవలసినదంతా ఇక్కడ వరుసగా రాస్తున్నాను. ఆరోగ్యంగా ఉన్న పెద్దవారిలో ఎక్కువమంది కాఫీ మానవలసిన అవసరం లేదని నా అభిప్రాయం. ఇబ్బంది పెట్టేవి మూడు: ఎంత తాగుతున్నాము, ఏ వేళకు తాగుతున్నాము, దేనితో కలిపి తాగుతున్నాము. ఈ మూడింటినీ ఇంట్లోనే కొలుచుకోవచ్చు, మార్చుకోవచ్చు.

ముందు తెలుసుకోవలసిన సిద్ధాంతం చాలా కొద్ది. మెదడుకు అలసటను తెలియజేసే అడినోసిన్ అనే పదార్థం కుదురుకోవలసిన చోటును కాఫీలోని కెఫీన్ ఆక్రమిస్తుంది, కాబట్టి అలసట పోదు, అలసిపోయామన్న సంగతి మాత్రం కాసేపు తెలియకుండా ఉంటుంది. తాగిన కెఫీన్‌లో సగం శరీరం నుంచి పోవడానికి సుమారు 5 గంటలు పడుతుంది. కాఫీ తాగేవారిలో టైప్-2 మధుమేహం, కాలేయ జబ్బులు కొంత తక్కువగా ఉన్నాయని పెద్ద పరిశీలనలు పదేపదే చూపించాయి. అంతమాత్రాన కాఫీయే వాటిని ఆపిందని రుజువైనట్టు కాదు కాబట్టి, అలవాటు లేనివారు మందులాగా మొదలుపెట్టనక్కరలేదు.

కావలసినవి

ఒక చిన్న నోటుపుస్తకం, 5 మిల్లీలీటర్ల చెంచా, పిల్లల మందు సీసాతో వచ్చే కొలత గీతలున్న మూత, మీరు రోజూ తాగే గ్లాసు, మీరు వాడే కాఫీ పొడి ప్యాకెట్టు. వంటింటి కాటా ఉంటే పని సులువవుతుంది, లేకపోతే పొడి కొన్న కొట్టులో ఒకసారి తూయించుకోవచ్చు. బీపీ ఉన్నవారి దగ్గర బీపీ మిషను కూడా ఉంటే మంచిది. మొత్తానికి మూడు నాలుగు వారాల ఓపిక కావాలి.

1. వారం రోజులు ఏమీ మార్చకుండా రాయండి

ఏ వేళకు, ఏ గ్లాసుతో, ఎన్ని చెంచాల పంచదారతో తాగారో తాగిన వెంటనే రాయండి. రాత్రి పడుకునే ముందు గుర్తు తెచ్చుకొని రాస్తే, చుట్టపుచూపుగా వెళ్ళిన ఇంట్లో కాదనలేక పుచ్చుకున్న అరగ్లాసు కాఫీ, బస్టాండు దగ్గర పేపరు కప్పులో తాగినది లెక్కలోకి రావు. మన గోదావరి జిల్లాల్లో ఇంటికి వచ్చినవారికి కాఫీ ఇవ్వకుండా పంపడం మర్యాద కాదనుకుంటాము కనుక, ఈ లెక్కకు రాని కాఫీలే చాలామందికి రోజుకు రెండు మూడు ఉంటాయి.

టీ, కూల్‌డ్రింకులు కూడా రాయాలి. తలనొప్పికి, జలుబుకు వాడే కొన్ని మాత్రల్లో కెఫీన్ కలిసి ఉంటుంది, కాబట్టి మాత్ర అట్ట వెనుక ఆ పేరు ఉందేమో చూడండి. ఎనర్జీ డ్రింకుల్లో లీటరుకు 300 మిల్లీగ్రాముల వరకు కెఫీన్ ఉండవచ్చని మన ఆహార భద్రతా నిబంధనలు అనుమతిస్తున్నాయి, అంటే 250 మిల్లీలీటర్ల డబ్బాలో 75 మిల్లీగ్రాముల దాకా ఉండవచ్చు.

2. మీ గ్లాసులో కెఫీన్ ఎంతో లెక్క కట్టండి

ముందుగా మీ గ్లాసులో నీళ్ళు పోసి, మందు మూతతో కొలిచి, అందులో ఎన్ని మిల్లీలీటర్లు పడుతుందో రాసుకోండి. "నేను రెండు కప్పులే తాగుతానండి" అన్నవారి స్టీలు గ్లాసు కొలిస్తే 250 మిల్లీలీటర్లు ఉండటం నేను చూశాను. కింద చెప్పే లెక్కలో కప్పు అంటే 150 మిల్లీలీటర్లే.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ ఇచ్చిన లెక్క ప్రకారం, 150 మిల్లీలీటర్ల కప్పు డికాక్షన్ కాఫీలో 80 నుంచి 120 మిల్లీగ్రాములు, ఇన్‌స్టంట్ కాఫీలో 50 నుంచి 65, టీలో 30 నుంచి 65 మిల్లీగ్రాముల కెఫీన్ ఉంటుంది. పాలు ఎక్కువగా, డికాక్షన్ తక్కువగా కలుపుకునే ఇళ్ళలో ఈ అంకెలు సరిపోవు. అలాంటివారు పొడి నుంచి లెక్క కట్టడం మేలు.

పద్ధతి ఇది. ఫిల్టరులో వేసే పొడిని తూయండి. ప్యాకెట్టు మీద కాఫీ ఎంత శాతమో, చికోరీ (కాఫీలో కలిపే ఒక వేరు పొడి) ఎంత శాతమో తప్పనిసరిగా రాసి ఉంటుంది, నిబంధనల ప్రకారం మిశ్రమంలో కాఫీ 51 శాతానికి తగ్గకూడదు. చికోరీలో కెఫీన్ ఉండదు. కాఫీ గింజల రకాల్లో అరబికాలో కెఫీన్ సుమారు 1.2 శాతం, రోబస్టాలో సుమారు 2.2 శాతం ఉంటుంది, ఏది ఎంత కలిపారో తెలియనప్పుడు 1.7 అనుకోండి. ముగ్గురికి డికాక్షన్ తీయడానికి 70:30 పొడి 30 గ్రాములు వేస్తే అందులో అసలు కాఫీ 21 గ్రాములు, కెఫీన్ సుమారు 357 మిల్లీగ్రాములు, ఒక్కొక్కరి వంతుకు దాదాపు 120. పొడిలోని కెఫీన్ అంతా నీటిలోకి దిగదు కాబట్టి ఇది పై అంచనా. అదే పొడి మీద మళ్ళీ వేడినీళ్ళు పోసి తీసే రెండో డికాక్షన్‌లో చాలా తక్కువే మిగులుతుంది.

ఇక్కడ తరచుగా జరిగే పొరపాటు చెంచా దగ్గరే జరుగుతుంది. ఇన్‌స్టంట్ పొడిని గోపురంలా తీస్తే, చెంచా అంచుకు సమంగా గీసి తీసినదానికి దాదాపు రెట్టింపు వస్తుంది. వారమంతా ఒకే తీరుగా, గీసిన చెంచాతోనే కొలవండి.

ఇంకొక మాట. చికోరీ కలిపిన పొడిని కల్తీ అనుకొని భయపడేవారున్నారు. ఎంత కలిపారో ప్యాకెట్టు మీద చెప్పి అమ్మితే అది కల్తీ కాదు, పైగా కెఫీన్ తగ్గించుకోవాలనుకునేవారికి అది పనికొస్తుంది. కాఫీ గింజ మన ప్రాంతానికి కొత్తదేమీ కాదు: గోదావరి మన్యంలోని పాములేరు లోయలో 1898లోనే కాఫీ మొక్కలు నాటారు, అరకు అరబికాకు 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. చికోరీ కలపని అరబికా దొరికితే, అదే తూకపు రోబస్టా కంటే దానిలో కెఫీన్ దాదాపు సగమే ఉంటుందని గుర్తుంచుకోండి.

3. మీ మొత్తాన్ని హద్దుతో పోల్చండి

జాతీయ పోషకాహార సంస్థ రోజుకు 300 మిల్లీగ్రాములు దాటవద్దంటుంది. ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2015లో ఆరోగ్యవంతులైన పెద్దవారికి 400 వరకు, ఒక్కసారిగా 200 వరకు ఫరవాలేదని చెప్పింది. నేను మాత్రం మన సంస్థ చెప్పిన 300నే హద్దుగా పెట్టుకోమంటాను, ఎందుకంటే మన అంచనాలో ఎటు లేదన్నా కొంత తేడా ఉంటుంది.

గర్భిణులకు హద్దు 200. చివరి నెలల్లో కెఫీన్ సగానికి తగ్గడానికి 15 గంటల దాకా పట్టవచ్చు కాబట్టి, పొద్దున తాగినది పోకముందే సాయంత్రపు కాఫీ దానికి తోడవుతుంది. గుండె దడ, గుండె లయలో తేడా, ఆందోళన జబ్బు ఉన్నవారు డాక్టరుగారిని అడిగి తమ హద్దు తెలుసుకోవాలి. సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ వాడుతున్నన్ని రోజులు కెఫీన్ శరీరంలో ఎక్కువసేపు నిలుస్తుంది, కనుక ఆ రోజుల్లో కాఫీ సగానికి తగ్గించండి. ఆయాసానికి థియోఫిలిన్ వాడేవారు కాఫీ సంగతి డాక్టరుగారికి తప్పక చెప్పాలి.

4. కాఫీని అన్నానికి, ఐరన్ మాత్రకు దూరంగా జరపండి

ఈ పద్ధతిలో అన్నిటికంటే ముఖ్యమైన మెట్టు ఇదేనని నా నమ్మకం. కాఫీలోని పాలీఫినాల్స్ అనే పదార్థాలు ఆహారంలోని ఇనుమును పట్టుకొని, రక్తంలోకి వెళ్ళనివ్వవు. భోజనంతోపాటు ఒక కప్పు కాఫీ తాగితే ఇనుము ఒంటబట్టడం 39 శాతం తగ్గిందని 1983లో ప్రచురించిన ఒక ప్రయోగంలో తేలింది, టీతో ఆ తగ్గుదల 64 శాతం. అదే ప్రయోగంలో, భోజనానికి గంట ముందు తాగిన కాఫీ వల్ల తగ్గుదల కనిపించలేదు. భోజనం అయిన గంటకు తాగినది మాత్రం భోజనంతో కలిపి తాగినంత తగ్గుదలనే చూపించింది. అందుకే "తినేశాక గంట ఆగాను కదా" అనుకోవద్దు. భోజనానికి ముందైతే గంట చాలు, తరువాతైతే రెండు గంటలు ఆగండి.

కిందటి ఏడాది ఏడో నెల గర్భిణి ఒకరు, చేతిలో పరీక్ష కాగితంతో దుకాణానికి వచ్చారు. ఆసుపత్రిలో ఇచ్చిన ఐరన్ మాత్రలు ఒక్కరోజు కూడా మానలేదట, అయినా హిమోగ్లోబిన్ కదలడం లేదు. మాత్ర ఎలా వేసుకుంటున్నారని అడిగితే, "పొద్దున్నే పెసరట్టు తినేసి, కాఫీతోపాటే మింగేస్తానండి, లేకపోతే మరిచిపోతాను" అన్నారు. మాత్రను రాత్రి పడుకునే ముందుకు మార్చి, నీళ్ళతో వేసుకోమన్నాను, కాఫీని టిఫినుకు గంట ముందుకు జరపమన్నాను, డాక్టరుగారికి కూడా ఈ సంగతి చెప్పమన్నాను. గర్భిణులకు ఐరన్-ఫోలిక్ మాత్ర రోజుకొకటి చొప్పున 180 రోజులు ఇస్తారు. అన్ని రోజులు శ్రద్ధగా మింగి, కాఫీ వల్ల అందులో చాలా భాగం వృథా చేసుకోవడం చూస్తే నాకు నిజంగా బాధ కలుగుతుంది.

మాత్రను నిమ్మరసం కలిపిన నీళ్ళతో గానీ, జామకాయ తిన్న తరువాత గానీ వేసుకుంటే మంచిది, వాటిలోని విటమిన్ సి ఇనుముకు సాయపడుతుంది. పాలతో వేసుకోవద్దు.

థైరాయిడ్ మాత్ర వేసుకునేవారు కూడా ఇక్కడ జాగ్రత్త పడాలి. పరగడుపున మాత్ర నీళ్ళతో వేసుకొని, కాఫీకి గంట ఆగాలి. కాఫీ ముందు తాగితే మాత్ర సరిగా ఒంటబట్టదు, పరీక్షలో అంకె పెరిగిందని మోతాదు పెంచుకుంటూ పోవలసి వస్తుంది.

5. రోజులో చివరి కాఫీ వేళను నిర్ణయించండి

మీరు పడుకునే వేళ నుంచి 8 గంటలు వెనక్కు లెక్కపెట్టండి. పదింటికి పడుకునేవారికి చివరి కాఫీ మధ్యాహ్నం రెండు గంటలకు. సాయంత్రం ఐదింటికి 100 మిల్లీగ్రాములున్న గ్లాసు తాగితే, రాత్రి పదింటికి ఇంకా 50, తెల్లవారుజామున మూడింటికి 25 మిగిలే ఉంటాయి. పడుకోవడానికి 6 గంటల ముందు 400 మిల్లీగ్రాములు తీసుకున్నవారికి కూడా నిద్ర గంటకు పైగా తగ్గిందని 2013లో ఒక అధ్యయనం చూపించింది. "నాకు కాఫీ తాగినా నిద్ర పడుతుంది" అనేవారు పట్టిన నిద్ర ఎన్నిసార్లు తెగిందో గమనించరు.

సాయంత్రం కాఫీ వదలడం కష్టమనిపిస్తే, అదే గ్లాసులో రెండో డికాక్షన్‌తో పలుచగా కలుపుకోండి, లేదా కెఫీన్ తీసేసిన పొడి వాడండి. దానిలోనూ కప్పుకు 2 నుంచి 15 మిల్లీగ్రాములు ఉంటుంది, అది నిద్రకు పెద్దగా అడ్డురాదు.

భీమవరం, ఆకివీడు వైపు రొయ్యల చెరువుల మీద రాత్రి కాపలా ఉండేవారికి ఈ లెక్క తిరగబడుతుంది. ఉదయం ఆరున్నరకు పడుకునేవారు రాత్రి పదిన్నర లోపల కాఫీ ముగించాలి. తెల్లవారుజామున చెరువులో ఆక్సిజన్ పడిపోయే వేళ, నీటికి గాలి పట్టించే ఏరియేటర్లను చూసుకోవలసినప్పుడు మెలకువ కావాలి కదా అని నాలుగింటికి తాగితే, పగటి నిద్ర చెడుతుంది, మరునాటి రాత్రికి ఇంకొకటి ఎక్కువ తాగవలసి వస్తుంది. ఆ వేళకు కాఫీకి బదులు పని పంచుకొని ఒకరు అరగంట కునుకు తీయడం మంచిది. నిద్ర చాలక తూలుతున్న మనిషి కాఫీ తాగి తడి చేతులతో మోటారు స్టార్టర్లు ముట్టుకోవడం ప్రమాదం.

6. తగ్గించవలసి ఉంటే మెల్లగా తగ్గించండి

మా అమ్మగారు కార్తీక సోమవారాల్లో నక్షత్ర దర్శనం అయ్యేవరకు కాఫీ కూడా ముట్టేవారు కారు. మధ్యాహ్నం మూడు దాటేసరికి నుదురు పట్టుకొని పడుకునేవారు. కడుపు మాడి తలనొప్పి వచ్చిందని ఇంట్లో అందరం అనుకునేవాళ్ళం. ఒక సోమవారం సాయంత్రం, దీపం పెట్టి, భోజనానికి ముందు కాఫీ మాత్రం పుచ్చుకున్నారు. ఇంకా అన్నం తినలేదు, అరగంటలో లేచి కూర్చొని విస్తళ్ళు తుడుస్తున్నారు. అది ఆకలి తలనొప్పి కాదని నాకు అప్పుడు తెలిసింది.

రోజూ తాగే కాఫీ ఆగిన 12 నుంచి 24 గంటలలో తలనొప్పి మొదలవుతుంది, ఒకటి రెండు రోజులకు బాగా పెరుగుతుంది, 2 నుంచి 9 రోజులు ఉండవచ్చు. చిరాకు, మందకొడితనం, ఏకాగ్రత లేకపోవడం దానికి తోడవుతాయి. "మానేసి చూశానండి, పడలేదు" అని చెప్పేవారిలో ఎక్కువమంది ఈ రెండో రోజునే ఓడిపోయినవారు.

కాబట్టి నాలుగు రోజులకొకసారి మొత్తంలో నాలుగో వంతు తగ్గించండి. పగటి కాఫీల్లో ఒకటి తీసేయవచ్చు, లేదా గ్లాసులన్నీ ఉంచి డికాక్షన్ తగ్గించవచ్చు, లేదా చికోరీ ఎక్కువున్న పొడికి మారవచ్చు. ఉదయపు మొదటి కాఫీని చివరి వరకు తాకకండి, దానిని ముందుగా తీసేస్తే తలనొప్పి ఎక్కువవుతుంది. తలనొప్పి వస్తే కెఫీన్ కలిసిన మాత్ర వేసుకోవద్దు, అది తగ్గించినదాన్ని మళ్ళీ లోపలికి పంపడమే. ఉపవాసాలు చేసేవారు ముందు వారమే ఈ తగ్గింపు మొదలుపెడితే ఆ రోజు హాయిగా గడుస్తుంది.

7. పంచదార, పాలు, వేడి

రోజుకు నాలుగు కాఫీలు, ఒక్కొక్కదానికి రెండు చెంచాలు అంటే ఎనిమిది చెంచాలు, 32 గ్రాములకు పైనే. రోజు మొత్తంలో కలిపిన పంచదార 25 గ్రాముల లోపు ఉంటే మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. మన కాఫీలో కెఫీన్ కంటే పంచదారే ఎక్కువ హాని చేస్తోందని నేను అనుకుంటున్నాను. వారానికి పావు చెంచా చొప్పున తగ్గిస్తే నాలుక పట్టించుకోదు. బెల్లానికి మారినంత మాత్రాన మధుమేహం ఉన్నవారికి ఒరిగేదేమీ లేదు. చిక్కటి గేదె పాలు వాడేవారు కాచి, చల్లార్చి, మీగడ తీసి వాడండి.

కొలెస్ట్రాల్ ఎక్కువగా ఉన్నవారు పొడిని గిన్నెలో మరిగించి తాగవద్దు. మరిగించిన కాఫీలో దిగే కెఫెస్టాల్ అనే కొవ్వు పదార్థం చెడు కొలెస్ట్రాల్‌ను పెంచుతుంది. కాగితపు ఫిల్టరు దానిని చాలావరకు ఆపుతుంది, ఇన్‌స్టంట్ కాఫీలోనూ అది కొద్దిగానే ఉంటుంది.

65 డిగ్రీలు దాటిన వేడి పానీయాలు అన్నవాహిక క్యాన్సరుకు కారణం కావచ్చని 2016లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ చెప్పింది. అదే సమీక్షలో కాఫీని క్యాన్సరు కారకాల జాబితాలో ఉంచలేదు. పొయ్యి మీది నుంచి దించిన కాఫీని డబరాలో రెండు మూడుసార్లు తిరగబోసి, పెదవికి చురుక్కుమనకుండా ఉన్నప్పుడు తాగండి.

ఫలితం ఎలా సరిచూసుకోవాలి?

బీపీ ఉన్నవారు ఒక ఉదయం కాఫీకి ముందు, ఐదు నిమిషాలు కదలకుండా కూర్చొని చూసుకోండి. తాగిన గంటకు మళ్ళీ చూడండి. ఇలా వేరువేరు రోజుల్లో మూడుసార్లు చేస్తే, ప్రతిసారీ అంకె 5 నుంచి 10 పెరుగుతోందంటే మీ శరీరానికి కెఫీన్ ఎక్కువగా తగులుతోందని అర్థం, ఆ అంకెలు రాసిన కాగితాన్ని డాక్టరుగారికి చూపించండి. మామూలుగా బీపీ చూపించుకోవడానికి వెళ్ళే ముందు అరగంట వరకు కాఫీ తాగకూడదు. హోటల్లో కాఫీ తాగి నేరుగా వచ్చి చూపించుకొని, పెరిగిందని మాత్ర మార్పించుకున్నవారు నాకు తెలుసు.

పరగడుపు రక్తపరీక్షకు పాలు, పంచదార లేని కాఫీ తాగవచ్చని అనుకోవడం పొరపాటు. మంచినీళ్ళు మాత్రమే తాగాలి. అలవాటున్నవారికి ఆ ఉదయం తల బరువెక్కవచ్చు కనుక, రక్తం ఇచ్చిన వెంటనే తాగడానికి ఇంటి నుంచి ఫ్లాస్కులో తీసుకువెళ్ళండి.

నిద్ర విషయంలో, చివరి కాఫీ వేళ మార్చిన రెండు వారాల తరువాత మొదటి వారపు రాతతో పోల్చండి: పడుకున్నాక ఎంతసేపటికి నిద్ర పట్టింది, ఎన్నిసార్లు మెలకువ వచ్చింది. తేడా లేకపోతే కారణం కాఫీ కాదేమోనని చూడాలి, ముఖ్యంగా గురక ఎక్కువగా ఉన్నవారు. కడుపులో మంట ఉన్నవారు పరగడుపు కాఫీని వారం రోజులు ఆపి, మళ్ళీ మొదలుపెట్టి చూస్తే, మంటకు అదే కారణమో కాదో తేలుతుంది.

హిమోగ్లోబిన్ మాత్రం వారంలో మారదు. మాత్ర వేళ, కాఫీ వేళ విడదీశాక గర్భిణులు డాక్టరుగారు చెప్పిన తేదీకి, మిగిలినవారు రెండు మూడు నెలలకు, అదే ల్యాబులో మళ్ళీ పరీక్ష చేయించుకోండి. అప్పటికీ పెరగకపోతే నోటుపుస్తకాన్ని, పాత పరీక్ష కాగితాన్ని కలిపి డాక్టరుగారి దగ్గరకు తీసుకువెళ్ళండి, ఎందుకంటే ఇనుము తగ్గడానికి నులిపురుగులు, అధిక రక్తస్రావం వంటి వేరే కారణాలు ఉంటాయి, వాటిని కాఫీ వేళలు మార్చి సరిచేయలేము.